ఎంతమంది వాడారన్న కాలమ్ తీసేద్దాం

ఎగ్జిబిషన్ దగ్గర పడిందంటే మీ ఫోన్లకి ఒక మెసేజ్ రావడం మామూలే. "మా బాబు స్కూల్ ప్రాజెక్టుకి యాప్ చేశాడు. దయచేసి ఈ లింకు నొక్కి, పేరు, నంబరు ఇచ్చి, మరో పదిమందికి పంపండి." అపార్ట్‌మెంట్ గ్రూపులో వస్తుంది, ఆఫీసు గ్రూపులో వస్తుంది, ఎప్పుడో పెళ్లి కోసం పెట్టి తర్వాత ఎవరూ మూయని చుట్టాల గ్రూపులోనూ వస్తుంది. పిల్లవాడి ముఖం చూసి అందరం నొక్కుతాం. నేనూ నొక్కాను. కంప్యూటర్ సైన్స్ చెప్పే టీచర్‌ని అయ్యుండి, నా వివరాలు ఎక్కడికి వెళ్తున్నాయో చూడకుండానే నొక్కాను.

ఈ మెసేజ్‌లు పుడుతున్నది మన మార్కుల షీటులోనే. యాప్ ప్రాజెక్టుకి ఇచ్చే 100 మార్కుల్లో 20 మార్కులు 'ఎంతమంది వాడారు' అన్న కాలమ్‌వి. మూడేళ్ల కింద ఆ కాలమ్ పెట్టమని అడిగింది నేనే. పిల్లలు చార్టు మీద బొమ్మలు గీసి వదిలేయకుండా, నిజంగా నలుగురికి పనికొచ్చేది చేస్తారని అనుకున్నాను. ఇప్పుడు దాన్ని తీసేయమని నేనే అడుగుతున్నాను. ముందు తల్లిదండ్రులతో మాట్లాడమని ప్రిన్సిపాల్ గారు అన్నారు. అందుకే ఈ నెల ఈ పేజీ తీసుకున్నాను.

కిందటి ఎగ్జిబిషన్‌లో రెండు ప్రాజెక్టులు పక్కపక్క టేబుళ్ల మీద ఉన్నాయి. మొదటిది పదో తరగతి అబ్బాయిలు ముగ్గురు చేసిన క్విజ్, 'మీలో ఏ హీరో ఉన్నాడు?' ఎనిమిది ప్రశ్నలు. జవాబు కనిపించాలంటే మాత్రం లింకుని పదిమందికి పంపాలి. తొమ్మిది రోజుల్లో 1,140 మంది వాడారు. 20కి 20 వేశాం.

రెండోది ఎనిమిదో తరగతి అమ్మాయిది. పర్చూరు వైపు పల్లె నుంచి బస్సులో వస్తుంది. ఒకసారి వాళ్ల తాతయ్య మిర్చి టిక్కీలు వ్యానులో వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్తే, సరుకు ఎక్కువై ఆ రోజు సెలవు ఇచ్చారట. వ్యాను కిరాయి, రాత్రి బయట కాపలా, అన్నీ మీద పడ్డాయి. అమ్మాయి టెలిగ్రామ్‌లో ఒక బాట్ చేసింది. 'యార్డు' అని పంపితే రేపు తెరిచి ఉంటుందో సెలవో చెబుతుంది. సమాచారం ఎక్కడిదని అడిగితే, "నాన్నకి తెలిసిన కమీషన్ ఏజెంటు గారికి సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి కనుక్కుంటాను సార్" అంది. మరి ఎవరు వాడుతున్నారంటే, "మా వీధిలో టెలిగ్రామ్ ఎవరికీ లేదు సార్. అందుకని అదే మాట అమ్మ ఫోన్లో వాట్సాప్ స్టేటస్ పెడుతున్నా" అంది. చూస్తున్నవాళ్లు 14 మంది. "ఇది యాప్ కాదు కదమ్మా, స్టేటస్" అని నవ్వి, ఆ కాలమ్‌లో రెండు మార్కులు వేశాం. ఆ 'వేశాం'లో నేనూ ఉన్నాను.

ఎగ్జిబిషన్ అయిన రెండు వారాలకి క్విజ్ లెక్కలు చూశాను. రెండోసారి వచ్చినవాళ్లు దాదాపు ఎవరూ లేరు. అంతకన్నా కంగారు పడాల్సింది ఇంకొకటి కనపడింది. 1,140 మంది పేర్లు, ఫోన్ నంబర్లు, పుట్టినరోజులు ఒక గూగుల్ షీటులో ఉన్నాయి. లింకు తెలిస్తే ఎవరైనా తెరవచ్చు. వెంటనే చెరిపించాను. అబ్బాయిల తప్పు ఏమీ లేదు, వాళ్లకి ఆ ఆలోచనే రాలేదు. అడగాల్సింది మేము. మేము అడిగింది అంకె ఒక్కటే.

అంకె చూసి మార్కులు వేయడం మన దగ్గరే మొదలవలేదు. 2007 మే నెలలో ఫేస్‌బుక్ తన వేదికని బయటివాళ్లకి తెరిచింది. ఎవరైనా యాప్ రాసి అందులో పెట్టుకోవచ్చు, అక్కడి స్నేహాల ద్వారా అది ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఆ ఏడాదే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో బి.జె.ఫాగ్ అనే అధ్యాపకుడు దీని మీద ఒక కోర్సు పెట్టారు. 75 మంది విద్యార్థులు, ముగ్గురికో జట్టు. యాప్ చేయాలి, జనం చేత వాడించాలి, మళ్లీ ఇంకొకటి చేయాలి. పది వారాల్లో ఆ క్లాసు యాప్‌లన్నిటికీ కలిపి 1.6 కోట్ల మంది వాడకందార్లు వచ్చారు. కొందరు విద్యార్థులు ప్రకటనల మీద తమ ప్రొఫెసర్ల కన్నా ఎక్కువ సంపాదించారని పత్రికలు రాశాయి. ఆ క్లాసు నుంచి వెళ్లినవాళ్లలో తర్వాత పెద్ద కంపెనీలు పెట్టినవాళ్లున్నారు. కాబట్టి ఆ పద్ధతిలో నేర్చుకోవడానికి ఏమీ లేదని చెప్పను. చిన్నగా చేసి, వెంటనే జనం ముందు పెట్టి, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి దిద్దుకోవడం వాళ్లు బాగా నేర్చారు. మన పిల్లలకీ అది రావాలి.

అయితే ఆ యాప్‌లు చేసిన పనేమిటంటే, స్నేహితులకి 'నువ్వు బాగుంటావు' అని పాయింట్లు పంపడంలాంటివి. మన హీరో క్విజ్‌కి పెద్దన్నలు. ఈ రోజు వాటిలో ఏది మిగిలిందని వెతికితే చెప్పుకోదగ్గది దొరకదు. అప్పట్లో ఇలాంటి యాప్‌లు ఆహ్వానాలతో, నోటిఫికేషన్లతో జనాన్ని ఊపిరాడనివ్వలేదు. 2010 మార్చిలో ఫేస్‌బుక్ యాప్‌లు నోటిఫికేషన్లు పంపే దారి మూసేసింది. దాని మీదే బతుకుతున్న యాప్‌ల కాళ్ల కింద నేల పోయింది.

ఈ నేల సంగతి మన ప్రాంతంలో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మిరప వేసే కౌలు రైతు చాలాచోట్ల దుక్కి దున్నకముందే ఎకరానికి ఇంత అని కట్టేస్తాడు. ఎరువు, మందులు, కూలీలు, నీళ్లు అన్నీ అతనివే. 2021-22లో నల్ల తామర పురుగు పూత మీద పడినప్పుడు నష్టపోయిందీ సాగు చేసినవాడే. 2019లో మన రాష్ట్రంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా ఒప్పందానికి ఆసామి సంతకం కావాలంది, గడువు 11 నెలలు పెట్టింది. వేరొకరి వేదిక మీద యాప్ కట్టేవాడి పరిస్థితి అచ్చంగా ఇదే. పొలం పెద్దది, సారవంతమైనది, నీళ్లున్నాయి, జనం ఉన్నారు. సొంత పొలం కొనుక్కునే దాకా ఆగక్కర్లేదు, రేపే విత్తనం వేయచ్చు. కాకపోతే గట్టు ఎక్కడ వేయాలో, నీళ్లు ఎప్పుడు వదలాలో, వచ్చే ఏడు పొలం ఇవ్వాలో వద్దో ఆసామి ఇష్టం. తేడా ఒకటుంది. మన ఊళ్లో ఆసామి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని బతిమాలుకోవచ్చు. ఇక్కడ ఆ అరుగు కూడా లేదు.

ఈ కౌలుకి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ వ్యవసాయం ఆటే కావడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. మీలో కొందరు ఆడే ఉంటారు, ఫార్మ్‌విల్. జింగా అనే కంపెనీ 2009 జూన్‌లో ఫేస్‌బుక్‌లో పెట్టింది. 2010 తొలి నెలలకే నెలకి 8 కోట్ల మందికి పైగా ఆడారు. అందులో స్ట్రాబెర్రీ నాలుగు గంటల్లో కోతకొస్తుంది, సమయానికి వెళ్లి కోయకపోతే వాడిపోతుంది. పొలం పెంచుకోవాలంటే స్నేహితులు 'పొరుగు రైతులు'గా చేరాలి, ఒకరికొకరు బహుమతులు పంపుకోవాలి. నారు పోసింది మొదలు మొదటి కోత కోసి కల్లంలో ఆరబోసేదాకా నెలల తరబడి కాచుకునే మన మిరప రైతు చూస్తే ఏమనుకునేవాడో! అమెరికాలో ఆఫీసు మధ్యలో లేచి పంట కోసుకున్నవాళ్లున్నారు.

ఆట బాగానే కట్టారు, ఒప్పుకోవాలి. ఒంటరిగా ఆడితే పసలేని ఆట, నలుగురితో ఆడితే వదలబుద్ధి కాదు. అలాంటి వేదిక మీద పెట్టాల్సిన యాప్ ఏదో వాళ్లకి బాగా తెలుసు. కానీ 2011 డిసెంబరులో షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు జింగా తన పత్రాల్లో తనే రాసుకుంది, ఆదాయం దాదాపు అంతా ఫేస్‌బుక్ మీదుగానే వస్తోందని. అప్పటికే ఫేస్‌బుక్ అక్కడి ఆటల్లో జరిగే ప్రతి కొనుగోలులో వందకి 30 వంతున తీసుకుంటోంది. పది డాలర్లకి అమ్మిన షేరు ఎనిమిది నెలలు తిరక్కుండా మూడు డాలర్ల దగ్గరికి పడింది. జనం కంప్యూటర్ వదిలి ఫోన్లకి మారడం ఒక కారణం, ఆసామి నీళ్ల కాలువ మళ్లించడం ఇంకో కారణం. 2020 డిసెంబరు 31న ఫేస్‌బుక్‌లోని అసలు ఫార్మ్‌విల్ మూతపడింది. అది రాసుకున్న ఫ్లాష్ సాఫ్ట్‌వేరు కూడా మరొకరిదే, దాని ఆయుష్షు తీరిపోయింది. కౌలు మీద కౌలు అన్నమాట.

డబ్బు పోతే కంపెనీకి పోయింది, మనకేం? మనకి సంబంధించిన భాగం ఇప్పుడు చెబుతాను. 'దిస్ ఈజ్ యువర్ డిజిటల్ లైఫ్' అనే ఇంకో యాప్ ఉండేది. మీ స్వభావం ఏమిటో చెబుతానంటూ ప్రశ్నలు అడిగేది. చూడ్డానికి మన హీరో క్విజ్ లాంటిదే. ప్రపంచం మొత్తం మీద దాన్ని పెట్టుకున్నది సుమారు 2 లక్షల 70 వేల మంది. వివరాలు బయటికి పోయిన వాళ్లు 8 కోట్ల 70 లక్షల దాకా ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నవాళ్లు 335 మంది, దెబ్బ తగిలి ఉండొచ్చన్న లెక్క 5,62,455. మిగతావాళ్లు ఏ క్విజ్జూ ఆడలేదు, ఏ బటనూ నొక్కలేదు. నొక్కినవాళ్లకి స్నేహితులు కావడమే వాళ్లు చేసింది. అప్పటి నియమాల ప్రకారం ఒకరు అనుమతి ఇస్తే వాళ్ల స్నేహితుల వివరాలు కూడా యాప్ తీసుకోగలిగేది. ఆ తలుపు 2015 నాటికి మూశారు, కానీ వెళ్లిపోయినవి వెళ్లిపోయాయి. కేంబ్రిడ్జ్ అనలిటికా అన్న పేరు మీరు టీవీలో విన్నది ఈ వ్యవహారంలోనే.

"మరో పదిమందికి పంపండి" అన్న మెసేజ్ చూసినప్పుడల్లా నాకు ఆ 335 గుర్తొస్తుంది.

మన దేశంలోనూ ఇప్పుడు చట్టం వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో చేశారు, నియమాలు 2025 నవంబరులో ప్రకటించి, చాలా నిబంధనల అమలుకి 18 నెలల గడువు ఇచ్చారు. దాని ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉందని రూఢి చేసుకోవాలి. వాళ్లు ఏం చూస్తున్నారో వెంటపడి గమనించడం, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు చూపించడం కూడదు. మన పిల్లవాడి ప్రాజెక్టు మీద ఎవరో కేసు పెడతారని భయపెట్టడం లేదు. రేపు కంపెనీలన్నీ పాటించాల్సిన మర్యాదకి ఇవాళ మనం ఎదురు మార్కులు వేస్తున్నాం, అదీ నా బాధ.

అలాగని వేరొకరి వేదిక మీద ఏమీ కట్టొద్దని అనను. కౌలు లేకపోతే మన జిల్లాల్లో సగం పొలాలు బీడు పడతాయి. ఉండవల్లిలో 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'మన మిత్ర' చూడండి. 161 సేవలతో వాట్సాప్ మీద కట్టారు. కొత్త యాప్ దించుకోమని ఎవరినీ అడగలేదు. అందరి చేతిలో ఉన్నదానిలోనే ఒక నంబరుకి 'హాయ్' అని పంపితే చాలు. ఆ ఏడాది ఇంటర్ హాల్ టికెట్లు, తర్వాత ఫలితాలు అందులో తీసుకున్నవాళ్లు మీలోనే ఉన్నారు. ఎమ్మార్వో ఆఫీసు మెట్లు ఎక్కడానికి మొహమాటపడే ముసలాయన కూడా మనవడి చేత మెసేజ్ పెట్టిస్తున్నాడు. అంతకన్నా ముఖ్యం, సచివాలయం అక్కడే ఉంది, రికార్డులు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. రేపు వాట్సాప్ షరతులు మార్చినా కిటికీ ఒకటి పోతుంది, ఇల్లు పోదు. పంట ఆసామి పొలంలో ఉండొచ్చు, విత్తనం మాత్రం మన గాదెలో ఉండాలి.

షరతులు మారడం ఊహ కాదు. చాట్‌జీపీటీని వాట్సాప్‌లోనే 5 కోట్ల మందికి పైగా వాడుతున్నారని ఆ కంపెనీ చెప్పుకుంది. 2025 అక్టోబరులో మెటా తన షరతులు మార్చి, అలాంటి ఏఐ బాట్‌లు 2026 జనవరి 15 తర్వాత తన వ్యాపార వేదిక మీద ఉండకూడదంది. చాట్‌జీపీటీ అంతటిది మూట సర్దుకోవాల్సి వచ్చింది.

ఈ మాటలు స్టాఫ్ రూములో అంటే ఒక తండ్రి, సాఫ్ట్‌వేరులో ఉన్నాయన, నాకు ఎదురు చెప్పారు. "మాస్టారూ, రేపు ఇంటర్వ్యూలో అడిగేది యూజర్లు ఎంతమందనే. పెట్టుబడి పెట్టేవాడు చూసేది అదే. పిల్లలకి నిజం ముందే తెలియనివ్వండి." ఆయన మాటలో నిజముంది. మీషోనే తీసుకోండి. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో చీరలు, డ్రెస్సులు అమ్ముకునే ఆడవాళ్లకి సాయంగా మొదలైంది. 2019లో ఫేస్‌బుక్ భారతదేశంలో మొట్టమొదట పెట్టుబడి పెట్టిన స్టార్టప్ అదే. లక్షల మంది వాడకపోతే అది జరిగేది కాదు. కానీ మొదట ఏముంది? చీరాల, మంగళగిరి లాంటి ఊళ్లలో ఫొటోలు పంపి, ధర మాట్లాడి, పార్సిల్ కట్టే ఆడవాళ్లు మీషో రాకముందే ఉన్నారు. వాళ్లు రోజూ చేస్తున్న పనిలో చికాకు ఎక్కడుందో చూసి, అది తీసేశారు. ఆ తర్వాత సొంతంగా కొనుగోళ్ల యాప్ కట్టుకుని కౌలు నుంచి బయటపడ్డారు. అంకె వచ్చింది, నిజమే. పదిమందికి పంపితేగానీ చీర చూపించమని బెదిరించి తెచ్చుకున్న అంకె కాదు.

వయసు సంగతి కూడా ఉంది. పెట్టుబడి పెట్టేవాడు అడిగే ప్రశ్నని పద్నాలుగేళ్లవాడిని అడిగితే, వాడి దగ్గర ఉన్న ఆస్తి ఒక్కటే, వాళ్ల అమ్మానాన్నల ఫోన్లలోని నంబర్లు. వాడు అదే ఖర్చు పెడతాడు.

ఆ 20 మార్కుల్ని ఏం చేయాలన్నదానికి నా దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. పిల్లలు తమకి తెలిసిన ఐదుగురిని ఎంచుకోవాలి. వాళ్లు నెల రోజులు వాడాలి. మొదటి వారానికీ నాలుగో వారానికీ యాప్‌లో ఏం మార్చారో, ఎవరు అడిగితే మార్చారో నోట్సు రాయాలి, దానికి పది మార్కులు. ఎవరి వివరాలు తీసుకున్నారు, ఎందుకు, ఎప్పుడు చెరిపేస్తారు అన్న ఒక పేజీకి ఐదు. ఈ వేదిక రేపు మూసేస్తే మీ ఐదుగురికి ఏం చెబుతారు అన్న ప్రశ్నకి మిగతా ఐదు. ఈ చివరిదానికి మంచి జవాబు నాకూ తెలియదు, పిల్లల దగ్గర దొరుకుతుందేమో చూడాలి.

మీరు చేయాల్సింది కూడా కొంచెం ఉంది. ఈసారి లింకు వస్తే ఫార్వర్డ్ చేయకుండా, మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని యాప్ తెరవమనండి. నా నంబరు నీకెందుకమ్మా అని అడగండి. సరైన కారణం చెబితే ఇవ్వండి. లేకపోతే ఇవ్వకండి, చుట్టాల నంబర్లు అసలే ఇవ్వకండి. మార్కులు తగ్గుతాయని వాడు అలిగితే ఆ కాగితం నా దగ్గరికి పంపండి. వచ్చే పేరెంట్-టీచర్ మీటింగులో కంప్యూటర్ ల్యాబ్ పక్క గదిలో ఉంటాను. కాలమ్ ఉండాలనేవాళ్లు కూడా రండి, ఆ సాఫ్ట్‌వేరు నాన్నగారు వస్తానన్నారు.

యార్డు అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. టెలిగ్రామ్ బాట్ ఎప్పుడో పక్కన పెట్టేసింది. స్టేటస్ మాత్రం మానలేదు. చూసేవాళ్లు 31 మంది అయ్యారట, ఎవరికీ లింకు పంపలేదు. పక్క ఊరి వాళ్లు ఫోన్ చేసి, "ఏమ్మా, రేపు యార్డు ఉందా?" అని అడుగుతుంటే వాళ్లమ్మ నంబరు సేవ్ చేసుకోమంటోందట. పోయిన వారం ఒకాయన, సెలవు సంగతి సరే, కాయలో తేమ ఉందని ధర కోశారమ్మా అన్నాడట. నిన్న సాయంత్రం స్టేటస్‌లో రెండు వాక్యాలున్నాయి. "రేపు యార్డు ఉంది. కాయ బాగా ఆరిందో లేదో చూసుకుని బయల్దేరండి."